గడియారం మీది గీత, కురువిందం కథ

ఖరీదైన చేతిగడియారం కొన్నవారికి మొదటి దుఃఖం సాధారణంగా మొదటి నెలలోనే కలుగుతుంది. అద్దంవలె మెరిసే ఉక్కు అంచుపై ఒక సన్నని గీత పడుతుంది. వేలితో తడిమితే అది తగలదు. గోటికి కూడ అందదు. దీపం క్రింద ఒక వాలుగా పట్టి చూచినప్పుడు మాత్రం వెండ్రుకవలె తళుక్కుమంటుంది. గడియారం వెల ఎంత ఎక్కువైతే గీత అంత పెద్దదిగా తోస్తుంది. ఇది కేవలం యజమాని మనోవ్యధ కాదు. ఇందులో భౌతికశాస్త్రం ఉన్నది, మన తెలుగుదేశపు చరిత్ర కూడ కొంత ఉన్నది.

ముందుగా గీత గీసినదెవరో చూడవలె. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఐతే ముద్దాయిని వెదకుటకు దూరం పోనక్కరలేదు. 1812లో జర్మను ఖనిజశాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ పది ఖనిజాలను కాఠిన్యం వరుసలో నిలబెట్టాడు. పై మెట్టులోనిది క్రింది మెట్టుదానిని గీయగలదు. క్రిందిది పైదానిని గీయలేదు. అన్నిటికన్న మెత్తనిది బలపపు రాయి, దానిది 1. సున్నపురాతిలోని కాల్సైటుది 3, స్ఫటికం అనగా క్వార్ట్జ్‌ది 7, కురువిందానిది 9, వజ్రానిది 10. బంగారం ఈ మెట్లలో మూడవదానికి కూడ చేరదు. గడియారపు ఉక్కు సుమారు ఐదున్నర దగ్గర ఆగిపోతుంది.

ఈ ప్రాంతపు గుట్టలు చాలవరకు గ్రానైటు జాతివి. అవి చితికి నేలపాలైనప్పుడు మెత్తని భాగాలు మట్టిగా మారిపోతవి గాని స్ఫటికపు రేణువు మారదు. కనుక హైదరాబాదు నుండి సూర్యాపేట, కోదాడల మీదుగా మచిలీపట్నం పోయే రహదారిపై లేచే దుమ్ములో ఏడవ మెట్టు రేణువులు విస్తారంగా ఉంటవి. చొక్కా చేతితో గడియారాన్ని తుడిచినవాడు గుడ్డతో తుడుస్తున్నానని అనుకొంటాడు. నిజానికి గుడ్డలో చిక్కుకొన్న ఇసుకతో రుద్దుతున్నాడు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. వడ్ల ఊకలో కూడ సిలికా ఉన్నది. ఊకను కాల్చితే మిగిలే బూడిదలో అధికభాగం అదే. వెనుకటి ఇల్లాండ్రు ఇత్తడి బిందెలను బూడిదతో తోమి మెరిపించినది ఇట్టి రాపిడి గుణం వల్లనే. ఐతే బిందెను మెరిపించినదే బంగారు గడియారానికి శత్రువు. కోదాడకు దక్షిణాన మేళ్లచెరువు వైపు సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయి మాత్రం ఈ నేరంలో నిర్దోషి. మూడవ మెట్టు రాయి ఐదవ మెట్టు దాటిన ఉక్కును గీయజాలదు.

ఇంతకూ అంత చిన్న గీత కంటికెట్లా కనబడుతుంది? గాలి లేని వేళ చెరువును చూడండి. గట్టుమీది చెట్టు నీటిలో తలక్రిందులుగా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక చేప ఎగిరిందంటే ఆ ఒక్కచోట బొమ్మ చెదిరి, మన చూపు అక్కడికే పోతుంది. గాలి వీచి నీరంతా అలలైన నాడు అదే చేప ఎగిరినా ఎవరూ గమనించరు. లోహంపై కూడ ఇంతే. కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు మిల్లీమీటరులో పదివేలవ వంతులు నాలుగు మొదలు ఏడు వరకు ఉంటుంది. ఉపరితలంలోని ఎగుడుదిగుడులు అంతకన్న చాల చిన్నవైనప్పుడు కాంతి చెదరకుండా ఒకే దిక్కుకు మరలుతుంది. దానినే మనం అద్దపు మెరుగు అంటాం. అట్టి నిశ్చలమైన తలంపై ఏ చిన్న గాటు పడినా కాంతి ప్రక్కలకు చెదరి కంటికి కొడుతుంది. సన్నని గీతలను కావలెననే ఒకే దిక్కుకు వరుసగా గీసి తయారుచేసే చారల మెరుగు ఉన్న గడియారంపై ఇంకొక గీత పడినా జాతరలో తప్పిపోయిన మనిషివలె కలిసిపోతుంది. మెరుగు ఎంత శ్రేష్ఠమైతే గీత అంత బయటపడుతుందన్న మాట.

గట్టి పదార్థానికి నునుపు తేవడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. సూర్యాపేట ప్రక్కనే ఉన్న పిల్లలమర్రిలో రేచెర్ల రెడ్లు కాకతీయుల సామంతులుగా ఉండి ఆలయాలు కట్టించారు. బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం అందులో ఒకటి. అక్కడి నల్లరాతి స్తంభాలను చూచినవారికి ఎనిమిది వందల ఏండ్ల తరువాత కూడ రాతిపై వెలుతురు జారుతున్నట్లు తోస్తుంది. ఏ కాలంలోనైనా, ఏ పదార్థంపైనైనా ఈ పని క్రమం ఒక్కటే. మొదట ముతక పొడితో రుద్దితే ఉలి గాట్లు పోయి ముతక గీతలు వస్తవి. తరువాత సన్నపొడి, ముతక గీతలు పోయి సన్నగీతలు వస్తవి. పిమ్మట ఇంకా సన్నపొడి. ఒక్కొక్క మెట్టులో పాత గీతలను కొత్త గీతలు తినివేస్తవి. చివరి గీతలు కంటికి అందనంత చిన్నవైనప్పుడు పని ముగిసినదంటారు. గీతలు లేని స్థితి రాదు, కనబడని గీతల స్థితి వస్తుంది.

అట్టి పొడులలో వజ్రం తరువాత గొప్పది కురువిందం. అల్యూమినియం, ఆక్సిజనుల సంయోగమే ఇది. స్వచ్ఛమైన స్థితిలో దీనికి రంగు లేదు. క్రోమియం లేశం చేరితే కెంపు, ఇనుము టైటానియంలు చేరితే నీలం. నలుసులతో నిండి మసకబారినది సానరాయికి పోతుంది. పొరుగున ఉన్న ఖమ్మం జిల్లాలో గొబ్బుగుర్తి ప్రాంతం కురువిందానికి పేరుపడినది. లక్కలో ఈ పొడిని కలిపి బిళ్ళలుగా పోసి సానచక్రాలు చేయడం మన దేశపు పాత పద్ధతి.

దీని పేరు మన భాషల నుండే ప్రపంచానికి పోయింది. 1666 ప్రాంతంలో గోలకొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇక్కడివారు నీలాన్ని కోసే తీరును వర్ణించాడు. ఒకడు ఇనుప తీగ కట్టిన విల్లును రాతిపై ఆడిస్తూ ఉంటే, రెండవవాడు నీటిలో కలిపిన తెల్లని పొడిని ఎడతెగక పోస్తూ ఉంటాడట. ఆ పొడి ఇచ్చే రాయి రాజ్యంలో ఒకానొక చోట దొరుకుతుందనీ, దానిని ‘తెలెంగి’ భాషలో ‘కొరిండ్’ అంటారనీ అతడు వ్రాసిపెట్టాడు. పద్దెనిమిదవ శతాబ్ది మొదటి పాదంలో ఇంగ్లండులో జాన్ ఉడ్వర్డు అనే పండితుడు తాను సేకరించిన రాళ్ళ పట్టికలో ‘నెల్లా కొరివిండం’, ‘తెల్లా కొన్విండం’ అని రెండింటిని చేర్చాడు. నల్ల కురువిందం, తెల్ల కురువిందం అని తెలుగు పిల్లవాడెవడైనా ఇట్టే చెప్పగలడు. పాపం, లండనులో ఆ మాట చెప్పేవారు లేకపోయారు. వరిపొలాలలో ఎలుకలు కలుగులు త్రవ్వి బయట పోసిన మట్టిలో నల్లది దొరుకుతుందనీ, ఇనుముకు మెరుగు పెట్టుటకు వాడుతారనీ ఆ పట్టికలో ఉన్నది. తెల్లదానితో కెంపులకు, వజ్రాలకు మెరుగు పెడతారని కూడ ఉన్నది గాని, వజ్రం మాట నమ్మదగినది కాదు. తొమ్మిదవ మెట్టు పదవ మెట్టును అరగదీయదు. 1798లో చార్లెస్ గ్రెవిల్ ఈ రాతిపై లండను రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించిన తరువాత ‘కొరండం’ అనే రూపం శాస్త్రంలో స్థిరపడింది.

వజ్రాన్ని వజ్రంతోనే సానపట్టవలె. ఆ పని ఎట్లా జరిగేదో మరొక ఫ్రెంచివాడు, రత్నాల వర్తకుడు తవెర్నియే వ్రాశాడు. అతడు రావోల్కొండ అని పేర్కొన్న గనివద్ద సానవాండ్రు చాలమంది ఉండేవారు. ఒక్కొక్కరికి కంచమంత ఉక్కుచక్రం ఒకటి. చక్రంపై ఒకే రాయిని పెట్టి, దాని పొర వాలు తెలిసేవరకు నీళ్ళు పోసి, తరువాత నూనె పోసి, వెల ఎక్కువైనా వెనుదీయక వజ్రపు పొడి చల్లేవారు. అతడు గమనించిన ముఖ్య విషయం వేరొకటి ఉన్నది. రాయి నిర్మలంగా ఉంటే వారు పైనా క్రిందా కొద్దిగా చక్రానికి తగిలించి విడిచిపెట్టేవారు. తూకం తగ్గుతుందనే భయంతో ఆకారం కోసం అరగదీసేవారు కారు. మచ్చ గాని, ఇసుక నలుసు గాని ఉంటే మాత్రం ఆ చోట చిన్న చిన్న పలకలు తీర్చి దోషాన్ని కప్పిపుచ్చేవారు. యూరపు సానకారులంతటి చక్కని తళుకు వీరు తేలేరని తవెర్నియే ఎత్తిపొడిచాడు. ఆ మాట నిజమే కావచ్చు. కాని తూకం పోకుండా దోషం దాచడమా, తూకం పోగొట్టుకొని దోషం తొలగించడమా అన్న ప్రశ్నకు వారు తెలిసే ఒక జవాబు ఎంచుకొన్నారు.

రెండవ జవాబు ఎంత ఖరీదైనదో కొల్లూరు వజ్రం తెలిపింది. కోదాడకు దక్షిణంగా పోయి కృష్ణ దాటితే ఆవలి గట్టున కొల్లూరు ఉండేది. గనుల ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటి పాలైంది. గోలకొండ మంత్రి మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరినప్పుడు షాజహానుకు ఇచ్చిన కానుకలలో ఈ గనిలో దొరికిన ఒక మహావజ్రం ఉన్నది. తవెర్నియే లెక్కలో దాని ముడి తూకం దాదాపు 790 కారెట్లు. కాని రాతిలో దోషాలు ఉండినవి. వెనిసు నగరం నుండి వచ్చిన హోర్తెన్సియో బోర్జియో అనే సానకారుడికి దానిని అప్పగించారు. అతడు దోషాలు పోయేవరకు అరగదీస్తూ పోయాడు. అట్లా మిగిలినది సుమారు 280 కారెట్లు. నూరు గ్రాములు, అనగా దాదాపు ఎనిమిదిన్నర తులాల వజ్రం పోయింది! చక్రవర్తి కూలి ఇవ్వకపోగా పదివేల రూపాయలు జుల్మానా వేశాడనీ, వాని దగ్గర ఇంకా ఉంటే ఇంకా గుంజేవాడనీ తవెర్నియే వ్రాశాడు. పని తెలిసినవాడైతే ఆ దోషం ఉన్న భాగాన్ని పెద్ద ముక్కగా చీల్చి తీసేవాడు, అంత అరగదీసే శ్రమే ఉండేది కాదని అతని అభిప్రాయం. ఇక్కడివారికి ఆ చీల్చే విద్య తెలుసు. నలుసు ఉన్నచోట కొద్దిగా కోసి, అందులో చిన్న ఇనుపచీల ఉంచి, మెల్లగా కొట్టి వజ్రాన్ని విడదీసేవారని తెవెనో చెప్పాడు. రెండు శతాబ్దాల తరువాత, 1852లో, లండనులో కోహినూరును తిరిగి సానపట్టినప్పుడు కూడ 191 కారెట్ల రాయి 105.6 కారెట్లకు దిగింది. అప్పుడు జుల్మానా వేసినవారు లేరు.

తవెర్నియే ఔరంగజేబు కొలువులో ఆ అరిగిన వజ్రాన్ని చేతపట్టి చూచినది 1665 నవంబరులో. అదే సంవత్సరం లండనులో రాబర్టు హుక్ తన ‘మైక్రోగ్రాఫియా’ ప్రకటించాడు. మెరుగుపెట్టిన క్షవరపు కత్తి అంచును అతడు సూక్ష్మదర్శిని క్రింద చూస్తే అది దున్నిన పొలంవలె చాళ్ళుచాళ్ళుగా కనిపించింది. 1704లో న్యూటను తన ‘ఆప్టిక్స్’లో ఇంకా నిష్కర్షగా చెప్పాడు: ఎంత మెత్తని పొడియైనా గాజును గీయుట ద్వారానే అరగదీస్తుంది, మెరుగు అంటే గీతలు కంటికి కనబడనంత సన్నబడడమే. అదే 1704లో న్యూటను మిత్రుడు ఫాతియో, దెబోఫ్ర్ సోదరులతో కలిసి, కెంపుకు రంధ్రం చేసి గడియారపు ఇరుసులకు దిమ్మలుగా అమర్చే పద్ధతికి లండనులో పేటెంటు పొందాడు. ఆ విధంగా కురువిందం గడియారం లోపలికి ప్రవేశించింది. 1902లో ఫ్రాన్సులో వెర్నూయి మంటలో కృత్రిమ కెంపులు తయారుచేసే పద్ధతిని ప్రకటించిన పిమ్మట ఆ దిమ్మలు చౌకైనవి. నేటి మేలుజాతి గడియారాల ముఖంపై ఉండే ‘సఫైరు గాజు’ నిజానికి గాజు కాదు. కృత్రిమంగా పెంచిన రంగులేని కురువిందపు పలక.

న్యూటను మాటతో కథ ముగియలేదు. ఇరవైయవ శతాబ్ది ఆరంభంలో జార్జి బెయిల్బీ ఒక చిత్రమైన ప్రయోగం చేశాడు. గీతలున్న కాల్సైటు పలకను గీతలన్నీ మాయమయ్యేట్లు మెరుగుపెట్టి, తరువాత పలుచని ఆమ్లంలో ముంచాడు. పై పొర కరగగానే, పోయినవనుకొన్న గీతలు మళ్ళీ ప్రత్యక్షమైనవి! మెరుగుపెట్టినప్పుడు పైపదార్థం ప్రవహించి చాళ్ళను పూడ్చివేసిందని అతడు నిర్ణయించాడు. 1937లో కేంబ్రిడ్జిలో బౌడెన్, హ్యూజెస్ ఈ వాదాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకొనిపోయారు. దేవుని హారతికి వాడే కర్పూరం ఎంత మెత్తనిదో అందరికీ తెలుసు. అది సుమారు 178 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. సుమారు 70 డిగ్రీలకే కరిగే ఉడ్ లోహాన్ని కర్పూరంతో రుద్దితే మెరుగు వచ్చింది. 232 డిగ్రీలకు గాని కరగని తగరంపై దాని ప్రభావం దాదాపు లేదు. రాపిడి వేడిమికి ఉపరితలపు శిఖరాలు కరిగి పరుచుకొంటవని వారు చెప్పారు. తరువాత ఆస్ట్రేలియా లోహశాస్త్రవేత్త శామ్యూల్స్ మెరుగుపెట్టిన లోహాలను అడ్డుకోతలు కోసి పరీక్షించి, లోహం విషయంలో ముఖ్యంగా జరిగేది అతి సన్నని చెక్కుడేనని చూపాడు. న్యూటను చాలవరకు గెలిచాడు. ఐతే ఓడినవారి వాదంలో కూడ సత్యం ఉన్నది. గీత పడినప్పుడు దాని అడుగున ఉన్న లోహం కూడ నలుగుతుంది. పైన గీత పోయినా ఆ నలుగుడు మిగిలి ఉంటుంది. దొంగలు ఆకురాయితో అరగదీసిన తుపాకి నంబర్లను, ఇంజను నంబర్లను నేరపరిశోధకులు తగిన ఆమ్లద్రావణం పూసి తిరిగి చదవగలుగుతున్నది దీనివల్లనే.

ఇప్పుడు గడియారం సంగతికి వస్తే, దానికి ఉన్న దారులు బోర్జియోకు ఉన్నవే. గీత అనేది లోహంపై చేరిన వస్తువు కాదు, లోహం లేని చోటు. దానిని ‘తీసివేయాలి’ అంటే చుట్టూ ఉన్న లోహమంతా గీత అడుగు మట్టానికి దిగవలె. సన్నగీత లోతు కొన్ని మైక్రాన్లే కావచ్చు (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు). కాని పని అంతటితో ఆగదు. తిరిగే గుడ్డచక్రానికి గడియారాన్ని ఒత్తిపట్టినప్పుడు చక్రం తలం కన్న అంచులను ముందు తింటుంది. రెండు పలకలు కత్తివాదరవలె కలిసే అంచు మొద్దుబారుతుంది. రంధ్రాల అంచులు సాగినట్లవుతవి. వెనుక చెక్కిన అక్షరాలు పలుచబడుతవి. మూడు నాలుగుసార్లు ఇట్లా చేసిన గడియారం సబ్బుబిళ్ళ అరిగినట్లుంటుంది. పాత గడియారాలు సేకరించేవారు గీతలున్నా ఎన్నడూ మెరుగుపెట్టని దానికే ఎక్కువ ధర ఇచ్చుటకు కారణం ఇదే. లోతైన గాటులో లేజరుతో అదే జాతి లోహాన్ని కరిగించి నింపి, మరల పలక తీర్చే పద్ధతి కూడ ఇప్పుడు ఉన్నది. అది ఖర్చుతో కూడినది గాని, తూకం పోదు.

ఉత్తమమైన నల్లమెరుగు పెట్టేవారు గుడ్డచక్రం జోలికే పోరు. చదునైన తగరపు పలకపై అతి మెత్తని అల్యూమినా పొడిని నూనెతో కలిపి పూసి, ఉక్కుముక్కను దానిపై చేతితో మెల్లగా తిప్పుతారు. ఆ అల్యూమినా కురువిందమే, పేరు మాత్రం మారింది. పని సరిగా కుదిరితే ఉక్కు ఒక్క వాలులో మాత్రమే వెలుగుతుంది. మిగిలిన అన్ని వాలులలో కాటుకవలె నల్లగా కనబడుతుంది. ఒక్క రేణువు పెద్దదైతే పని మళ్ళీ మొదటికి వస్తుంది.

పూతపూసిన గడియారాల విషయం వేరు. 1961లో సిటిజన్ సహకారంతో బెంగుళూరులో చేతిగడియారాల తయారీ మొదలుపెట్టిన హెచ్.ఎం.టి. గడియారాలు 2016లో ఆ సంస్థ మూతకు నిర్ణయం జరిగిన తరువాత కూడ మన పట్టణాలలో అనేకుల ముంజేతులపై ఉన్నవి. వాటిలో చాల నమూనాల డొక్కు ఇత్తడిది. పైన క్రోమియం పూత. బంగారు పూతలైతే మంచివి కూడ సాధారణంగా పది ఇరవై మైక్రాన్లే. అట్టిదానిని చక్రానికి పట్టితే గీత కన్న ముందు పూత పోయి ఇత్తడి పచ్చగా బయటపడుతుంది. ఆ గడియారాల ముఖంపై ఉండే ప్లాస్టికు మూతను మాత్రం నిర్భయంగా బాగుచేయవచ్చు. పండ్లపేస్టులోని సుద్ద లేక సిలికా పొడి ఆ మెత్తని పదార్థానికి చాలిన సాన. వ్రేలిపై గుడ్డ చుట్టి కొద్దిసేపు రుద్దితే మసక విడిపోతుంది. అదే పేస్టును అద్దపు మెరుగు ఉన్న బంగారంపై రుద్దితే ఒక గీత పోయి వేయి గీతలు వస్తవి.

అనుభవం ఉన్న పనివాడు ఏ పొడీ ముట్టకముందు భూతద్దంతో ఒకసారి చూస్తాడు. కంసాలి బంగారాన్ని గీటురాయిపై గీసినప్పుడు రాయి తెగదు, బంగారం రాతికి అంటుకొంటుంది. సఫైరు పలకపై ఉక్కు తలుపుగడియ రాసుకొన్నప్పుడు జరిగేది కూడ ఇదే. తొమ్మిదవ మెట్టు పలకకు ఏమీ కాదు. మెత్తనిదైన ఉక్కే అరిగి దానిపై బూడిదరంగు చారగా మిగులుతుంది. యజమాని గీతపడిందని దిగులుపడుతూ తెచ్చిన గడియారంపై ఉన్నది అట్టి చార ఐతే, పెన్సిలు రబ్బరుతో రుద్దినా అది ఊడివస్తుంది.